ఎమో పాట మనల్ని ఎందుకు పట్టుకుంటుంది? దేన్ని ఎమో అనాలి?

ఆరో_తీగ (కావలి)

అమెరికన్ ఫుట్‌బాల్, సన్నీ డే రియల్ ఎస్టేట్, మై కెమికల్ రొమాన్స్ అనే మూడు అమెరికా బ్యాండ్లు, లిల్ పీప్ అనే గాయకుడు. వీటన్నిటినీ ఒకే ప్లేలిస్టులో పెట్టి ఎమో (పంక్ రాక్ నుంచి పుట్టిన, లోపలి బాధను పాడే సంగీతం) అని పేరు రాస్తే మా హాస్టల్లో పెద్ద వాదనే అయింది. మొదటి రెండే ఎమో, మిగతావి కావని కొందరు. వింటే గుండె బరువెక్కేదంతా ఎమోనే అని ఇంకొందరు.

ఈ రెండో మాట నేను ఒప్పుకోను. గుండె బరువెక్కడమే కొలత అయితే ఘంటసాల విషాద గీతాలన్నీ ఎమో అయిపోవాలి. మొదటి మాట కూడా పూర్తిగా మింగుడుపడటం లేదు. మై కెమికల్ రొమాన్స్ విని ఈ దారిలోకి వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లందరూ విన్నది వేరే సంగీతం అనడం ఎట్టా?

రెండు విషయాలు అడుగుతున్నాను. మీకు ఈ పాటల్లో ఏది నచ్చి ఆగిపోయారు? హద్దు గీయాల్సి వస్తే దేన్ని బట్టి గీస్తారు? పేర్లు మాత్రమే రాసి వదిలేయకండి, విని ఏం తోచిందో చెప్పండి.

---

పెన్నాగట్టు (నెల్లూరు)

పుట్టుక దగ్గర మొదలుపెడదాం తమ్ముడూ. సగం గొడవ అక్కడే తేలుతుంది.

1980ల మొదట్లో వాషింగ్టన్ డీసీలో హార్డ్‌కోర్ పంక్ జోరుగా ఉండేది. వేగం, కోపం, ఒకటి రెండు నిమిషాల్లో పాట అయిపోవడం. కొన్నేళ్లకే ఆ కచేరీల్లో తన్నులాటలు ఎక్కువయ్యాయి. ఆ ఊరి కుర్రాళ్లలోనే కొందరికి అది విసుగెత్తింది. 1985 వేసవిలో వాళ్లు కొత్త బ్యాండ్లు కట్టుకుని దారి మార్చారు. ఆ వేసవిని రెవల్యూషన్ సమ్మర్ అని పిలుచుకున్నారు. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండ్ ఆల్బమ్ ఆ ఏడాదే డిస్కార్డ్ రికార్డ్స్ అనే లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) నుంచి వచ్చింది. దాని గాయకుడు గై పిచియోటో గొంతు వినండి. వేగం హార్డ్‌కోర్‌దే, కోపం మాత్రం ఎదుటివాడి మీద నుంచి తన లోపలికి తిరిగింది. మైనర్ థ్రెట్ అనే హార్డ్‌కోర్ బ్యాండ్‌లో పాడిన ఇయాన్ మెకాయ్ కూడా అప్పుడే ఎంబ్రేస్ అనే బ్యాండ్ మొదలుపెట్టాడు. వీళ్లకు ఎమోకోర్ అనే పేరు బయటివాళ్లు తగిలించారు. మెకాయ్‌కి ఆ పేరంటే ఒళ్లు మంట, వేదిక మీదే తిట్టాడు. తండ్రులే ఒప్పుకోని పేరు అది.

1994లో సియాటిల్ నుంచి సన్నీ డే రియల్ ఎస్టేట్ మొదటి ఆల్బమ్ వచ్చింది. అదే కాలంలో మిడ్‌వెస్ట్ రాష్ట్రాల్లో షికాగో పక్కన క్యాప్‌న్ జాజ్, మిల్వాకీలో ద ప్రామిస్ రింగ్, కాన్సాస్ సిటీలో ద గెట్ అప్ కిడ్స్. ఇక్కడ మనుషుల్ని గమనించండి. క్యాప్‌న్ జాజ్‌లో గిటార్ వాయించిన మనిషే ప్రామిస్ రింగ్ పెట్టాడు. క్యాప్‌న్ జాజ్‌లోనే డ్రమ్స్ వాయించిన మైక్ కిన్సెల్లా తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాడాడు. ఒక బ్యాండ్ విరిగితే రెండు మొలిచాయి.

నా లెక్క ప్రకారం హద్దు గీయాల్సింది ఈ వంశాన్ని బట్టే. ఎవరు ఎవరి దగ్గర విని నేర్చుకున్నారు, ఎవరి వ్యాన్‌లో ఎవరు కచేరీలకు తిరిగారు, ఏ చిన్న లేబుల్ ఎవరి రికార్డు వేసింది. బాధ అన్ని సంగీతాల్లోనూ ఉంటుంది, దాంతో హద్దు గీయలేం.

---

ఏరేటర్ (ఇందుకూరుపేట)

నేను రొయ్యల గుంటల మీద రాత్రి డ్యూటీ చేస్తా. చరిత్ర నాకు అంతగా తెలియదు, మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పగలను.

రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి, ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది. అందుకని ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటా, రెండో చెవి ఏరేటర్ చప్పుడు మీదే ఉంటుంది. అట్టా వినేటప్పుడు సినిమా పాటలు నాకు కుదరవు. గొంతు ముందుకొచ్చి మాట మాటకీ మనసు లాగుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ 1999 ఆల్బమ్ వేరేగా పనిచేసింది. రెండు గిటార్లు తీగ తీగగా విడివిడిగా మోగుతూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. గొంతు వెనకెక్కడో ఉంటుంది. మధ్యలో ఉన్నట్టుండి ట్రంపెట్ వస్తుంది. ఇంగ్లీషు మాటలు నాకు సగం అర్థం కావు, అర్థం చేసుకోవాలన్న తొందర కూడా కలగలేదు. సెలవులు అయిపోయి అందరూ ఊరు వదిలి వెళ్లిపోయాక మిగిలిన ఒక్కడి మాట అని మాత్రం గొంతును బట్టి తెలిసిపోయింది. తర్వాత మా చెల్లెలితో చదివించుకుంటే దాదాపు అదే.

మాట తెలియని నాకు కూడా అందిందంటే, లాగేది గొంతు, గిటార్ నడక అని నా నమ్మకం. సాహిత్యం ఆ తర్వాతే.

---

డిస్టార్షన్ (ఒంగోలు)

ఏరేటర్ అన్న చెప్పింది చూశారా? ఆయనకు వంశం తెలియదు, లేబుల్ తెలియదు. ధ్వనిని బట్టే పట్టుకున్నాడు. కాబట్టి పెన్నాగట్టు అన్నా, మీ వంశవృక్షం చరిత్ర పుస్తకానికి పనికొస్తుంది. వినేవాడికి కావాల్సింది ధ్వని లక్షణాలు.

నేను గిటార్ వాయిస్తా కాబట్టి నా వైపు నుంచి చెబుతా. తొంభైల ఎమోలో మెల్లగా మొదలై ఉన్నట్టుండి విరుచుకుపడి మళ్లీ తగ్గే నడక ఉంటుంది. తీగల్ని ఒక్కదెబ్బతో మీటకుండా విడివిడిగా మీటుతారు. ట్యూనింగ్, అంటే తీగల శ్రుతి, మారుస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్ పేరు చెప్పగానే గిటారిస్టులకు గుర్తొచ్చేది ఎఫ్ ఏ సీ జీ సీ ఈ ట్యూనింగ్. నాలుగు మాత్రల లెక్క వదిలేసి ఐదు, ఏడు లెక్కల్లోకి పోతారు. పాట మొదట్లో వచ్చిన పల్లవి మళ్లీ రావాలన్న నియమం లేదు. గొంతు శిక్షణ పొందినట్టు ఉండదు, పై స్వరానికి వెళ్లినప్పుడు పగులుతుంది, ఆ పగులును రికార్డింగులో దిద్దరు.

వీటితో కొలిస్తే మై కెమికల్ రొమాన్స్ నాటకీయమైన రాక్. గిటార్ సోలోలు హెవీ మెటల్ నుంచి, హంగు బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ నుంచి. చాలా మంచి బ్యాండ్, ఎమో మాత్రం కాదు. వాళ్ల గాయకుడు జెరార్డ్ వే కూడా 2007లో ఆ పేరు మాకొద్దని గట్టిగానే తిట్టాడు.

---

ముఖారి (నెల్లూరు, దర్గామిట్ట)

డిస్టార్షన్ గారూ, నేను కర్ణాటక సంగీతం నేర్పుతాను. మా అబ్బాయి వల్ల ఈ బ్యాండ్లు వినడం మొదలుపెట్టాను, ఇప్పుడు వాడికంటే నేనే ఎక్కువ వింటున్నాను.

లక్షణాల పట్టికతో హద్దు తేలుతుందంటే నాకు నమ్మకం కుదరదు. భైరవి, ముఖారి రాగాల అవరోహణ ఒకటే. కాగితం మీద రాస్తే తేడా ఉండదు. పాడితే మాత్రం రెండు క్షణాల్లో ఏది ఏదో తెలుస్తుంది. ఎక్కడ ఆగాలి, ఏ స్వరాన్ని ఎంత ఊపాలి, ఏ పట్టు మళ్లీ మళ్లీ రావాలి అన్నది గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వస్తుంది. ఈ విషయంలో నేను పెన్నాగట్టు గారి పక్షం. మీరు చెప్పిన విడివిడి తీగలు, వింత తాళాలు మ్యాథ్ రాక్ అనే మరో రాక్ శైలిలోనూ ఉన్నాయి కదా? అయినా దాన్ని ఎమో అనరు.

గొంతు పగులు గురించి ఒక మాట. మన నెల్లూరు ఎస్పీ బాలుగారు పాటలో నవ్వు పెట్టారు, ఏడుపు పెట్టారు, వెక్కిళ్లు కూడా పెట్టారు. అంత ఏడుపులోనూ ఆయన శ్రుతి చెక్కుచెదరదు. గాయకుడు పాత్ర దుఃఖాన్ని మోస్తూ తాను నిలబడతాడు. ఈ ఎమో గాయకులు నిలబడరు. శ్రుతి జారిపోతుంటే జారనిస్తారు. మొదట్లో నాకు చెవి నొప్పి పుట్టింది, నిజమే. వినగా వినగా తెలిసింది, ఆ జారడంలోనే వాళ్ల నిజాయితీ ఉందని వాళ్ల శ్రోత నమ్ముతాడు. పాడేవాడు తనకంటే గొప్పవాడు కాడని, తన పక్క బెంచీలో కూర్చునేవాడేనని అనిపిస్తుంది.

---

డిస్టార్షన్ (ఒంగోలు)

అమ్మా, మ్యాథ్ రాక్ మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. గొంతు మాత్రం నా పట్టికలో మొదటి వరసలోకి తెస్తున్నా.

---

గూడూరు_జంక్షన్ (గూడూరు)

వంశం, ట్యూనింగ్ అని మీరు గీస్తున్న గీతకు అవతల ఎవరు పడుతున్నారో ఒకసారి చూడండి.

తొంభైల్లో ఆ బ్యాండ్ల నిండా మగపిల్లలే. పాటల్లో అమ్మాయి అంటే వదిలేసి వెళ్లినది, మోసం చేసినది, లేదా కిటికీ అవతల కనిపించేది. ఆమెకంటూ మాట ఉండదు. 2003లో సంగీత విమర్శకురాలు జెస్సికా హాపర్ పంక్ ప్లానెట్ పత్రికలో సరిగ్గా ఇదే విషయం మీద పెద్ద వ్యాసం రాసింది. ఇవి ఇష్టంగా విన్న మనిషే రాసింది, అందుకే దానికంత బలం.

2000ల్లో మై కెమికల్ రొమాన్స్, పారమోర్ వచ్చాక కచేరీల ముందు వరసల్లోకి అమ్మాయిలు వచ్చారు. పారమోర్‌లో పాడేది హేలీ విలియమ్స్. ఆమె టీనేజీలో రాసిన ఒక పాటలో ఇంకో అమ్మాయిని తిట్టే మాట ఉందని 2018లో దాన్ని కచేరీల్లో పాడటం ఆపేశారు. 2022లో మళ్లీ పాడారు. ఒక పాటను పట్టుకుని అన్నేళ్లు మథనపడటం నాకు గౌరవంగా అనిపించింది. సరిగ్గా ఆ అమ్మాయిలు వచ్చిన కాలాన్నే "అది అసలు ఎమో కాదు" అని కొట్టేయడం నాకు బాధగా ఉంటుంది.

జెరార్డ్ వే వద్దన్నాడు కాబట్టి కాదు అంటున్నారు. మెకాయ్ కూడా వద్దన్నాడని పైనే రాశారు. ఆయన వద్దన్నా ఎంబ్రేస్ ఎమో అయినప్పుడు, ఈయన వద్దంటే ఎందుకు కాకుండా పోతుంది? పేరు పెట్టేది బ్యాండ్ కాదు. ఆ పాటలు విని ఒకరినొకరు గుర్తుపట్టిన శ్రోతలు.

---

పెన్నాగట్టు (నెల్లూరు)

> పేరు పెట్టేది బ్యాండ్ కాదు. ఆ పాటలు విని ఒకరినొకరు గుర్తుపట్టిన శ్రోతలు.

ఇది బలమైన మాట, ఒప్పుకుంటున్నా. అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రే దీనికి సాక్ష్యం. వాళ్లు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్లలు. 1999లో ఆల్బమ్ వేసి 2000కల్లా విడిపోయారు. అప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. తర్వాతి పదేళ్లలో ఇంటర్నెట్‌లో ఒకరి నుంచి ఒకరికి పాకి, 2014లో వాళ్లు మళ్లీ కలిసేసరికి ఒక తరానికి మిడ్‌వెస్ట్ ఎమో అంటే ఆ ఆల్బమే అయిపోయింది. ఆల్బమ్ అట్ట మీద ఉన్న, అర్బానా పట్టణంలోని ఇంటి ముందు ఫొటోలు దిగడానికి జనం పోతుంటారు. 2023లో బ్యాండు, లేబుల్ ఇంకొందరితో కలిసి ఆ ఇంటిని కొన్నారు. ఇంత గౌరవం తెచ్చింది పత్రికలు కాదు, లేబుళ్లు కాదు, శ్రోతలే.

అయినా నా వంశం వాదన వదలను. మై కెమికల్ రొమాన్స్ కూడా న్యూజెర్సీ హార్డ్‌కోర్ బేస్‌మెంట్ల నుంచే వచ్చింది. వాళ్ల మొదటి ఆల్బమ్ తయారీ చూసుకున్నది థర్స్‌డే బ్యాండ్ గాయకుడు జెఫ్ రిక్లీ. కాబట్టి నా వంశవృక్షంలో వాళ్లకు చోటుంది. ట్యూనింగ్ పట్టికలోనే చోటు లేదు.

---

హార్మోనియం (కందుకూరు)

మనవడు ఈ చర్చ చదివి వినిపించి, పాటలు కూడా పెట్టాడు. నేను పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి. తప్పుగా అనుకోకపోతే ఒక సందేహం.

హరిశ్చంద్ర కాటి సీనులో నటుడు పద్యం ఎత్తుకుని చివర్న రాగం తీస్తే జనం వన్స్ మోర్ అని కేకలేస్తారు. జాషువా పద్యాలు వచ్చే చోట అయితే చెప్పక్కర్లేదు. చనిపోయిన బిడ్డను మోసుకొచ్చిన తల్లి ఎదురుగా ఉంటే వన్స్ మోర్ ఏంటని చదువుకున్నవాళ్లు తప్పు పట్టేవారు. నాకది ఎప్పుడూ తప్పుగా కనిపించలేదు. ఆ జనం దుఃఖాన్ని ఇంకోసారి తెమ్మని అడుగుతున్నారు, దాన్ని పంచుకోవాలని అడుగుతున్నారు. మనవడు చూపించిన వీడియోలో ఆ అమెరికా పిల్లలు వేదిక ముందు గుంపుగా నిలబడి గాయకుడి కంటే గట్టిగా పాడుతున్నారు. ఆయన మైకు వాళ్ల మీదికే తిప్పేశాడు. అది చూసి నాకు మా పందిళ్లు గుర్తుకొచ్చాయి.

నా సందేహం ఇది. మా నటుడు ఎంత ఏడ్చినా ఆధారశ్రుతికి తిరిగి రావాలి, హార్మోనియం ఉన్నదే అందుకు. ఈ పాటల్లో అతను దారితప్పితే పట్టుకొచ్చేది ఎవరు?

---

ఏరేటర్ (ఇందుకూరుపేట)

తాతగారూ, నేను విన్నంతలో గిటారే పట్టుకొస్తుంది. గొంతు ఎటు పోయినా ఆ తీగల నడక మారదు, తిరుగుతూనే ఉంటుంది. గొంతు అలిసిపోయి దాని దగ్గరికే వస్తుంది. ఒక్కోసారి రాదు, గిటారే పాట ముగిస్తుంది.

---

హార్మోనియం (కందుకూరు)

అట్టయితే ఆ గిటార్ వాయించేవాళ్ల పని మా పనే.

---

సింగరాయకొండ_అమ్మ

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. గది తలుపేసుకుని ఇవే పాటలు గంటలకొద్దీ వింటుంది. అరుపులు, ఏడుపులు, చావు మాటలు. ఈ పాటలే దాన్ని ఏమన్నా చేస్తాయేమో అని టెన్షన్‌గా ఉంది. ఫోన్ లాగేసుకోమంటున్నారు మావారు. మీరంతా ఇవి వినేవాళ్లు కాబట్టి అడుగుతున్నా.

---

గూడూరు_జంక్షన్ (గూడూరు)

అక్కా, ఫోన్ మాత్రం లాగేసుకోవద్దు. నేనూ ఇంటర్‌లో తలుపేసుకునే విన్నా. నాకు చెప్పుకోవడం రాని విషయాన్ని ఇంకెవరో గట్టిగా అరిచి చెబుతుంటే ఊపిరాడినట్టు ఉండేది. ఎవరైనా వచ్చి ఏం వింటున్నావు, నాకూ పెట్టు అని అడిగి ఉంటే ఎంత బాగుండేదో. మీరు అడగండి. పాట నచ్చకపోయినా పూర్తిగా వినండి.

ఈ పాటల్ని చూసి బయటివాళ్లు భయపడటం కొత్త కాదు. 2008లో మెక్సికోలోని కెరెటారోలో ఎమో పిల్లల్ని గుంపుగా వచ్చి కొట్టారు. వాళ్లు చేసింది నల్లబట్టలు వేసుకోవడం, జుట్టు కంటి మీదికి దువ్వుకోవడం. అదే ఏడాది లండన్‌లో మై కెమికల్ రొమాన్స్ అభిమానులు తమ సంగీతాన్ని ఆత్మహత్యలతో ముడిపెట్టి రాసిన పత్రిక ఆఫీసు ముందు నిరసన తెలిపారు.

అయితే పాటను పక్కనపెట్టి అమ్మాయిని గమనించండి. తిండి, నిద్ర తప్పినా, స్నేహితులతో మాటలు మానేసినా, చచ్చిపోవాలనిపిస్తోందని ఏ రూపంలో అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. నేరుగా అడగండి, డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరుకు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.

---

ముఖారి (నెల్లూరు, దర్గామిట్ట)

గూడూరు అమ్మాయి చెప్పిన చివరి మాటలు ముందు చదవండమ్మా. తర్వాత ఇది.

దుఃఖం నిండిన కావ్యం వింటే సుఖం ఎందుకు కలుగుతుందని మనవాళ్లు కూడా తల బద్దలుకొట్టుకున్నారు. 14వ శతాబ్దపు ఆలంకారికుడు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దీన్ని నేరుగా ఎదుర్కొన్నాడు. కరుణరసంలో దుఃఖమే ఉంటే ఎవరూ దాని జోలికి పోరు, రామాయణం కూడా దుఃఖానికే కారణమవుతుంది, సహృదయుల అనుభవమే ఇందుకు ప్రమాణం అన్నాడు. మీ అమ్మాయి తలుపేసుకుని విన్నంత మాత్రాన దుఃఖంలో మునిగిపోతోందని అనుకోనక్కర్లేదు.

ఆలంకారికులు ఇంకో గీత కూడా గీశారు. మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలిన ఎడబాటు విప్రలంభ శృంగారం. ఆశ తెగిపోతే కరుణ. అమెరికన్ ఫుట్‌బాల్ పాటలు నాకు విప్రలంభంగా వినిపిస్తాయి, వేసవి అయిపోయినా అతను ఇంకా గుమ్మం దగ్గరే ఉంటాడు. మై కెమికల్ రొమాన్స్ 2006 ఆల్బమ్‌లో చావుకు దగ్గరైన రోగి కథ నడుస్తుంది, అది కరుణ. రెండు రసాలైనా ఒక సంప్రదాయంలో ఇమడగలవు. మన నాటకాల్లో ఇమడలేదా? అందుకే రసాన్ని బట్టి వాళ్లను వేరుచేయడం నాకు సబబనిపించదు.

---

ఆరో_తీగ (కావలి)

ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ థాంక్స్. లిల్ పీప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను రాపర్. 2017లో 21 ఏళ్లకే చనిపోయాడు. పాత ఎమో పాటల గిటార్ ముక్కల్ని శాంపిల్ చేసి (రికార్డు నుంచి కత్తిరించి తీసుకుని) వాటి మీద పాడాడు. బ్యాండ్ లేదు, ఊరు పరంపర లేదు, వ్యాన్ ప్రయాణాలు లేవు. పెన్నాగట్టు అన్నా, మీ వంశవృక్షంలో అతని చోటెక్కడ?

---

పెన్నాగట్టు (నెల్లూరు)

దత్తత అనుకుంటా తమ్ముడూ. ఎవరి దగ్గరా కూర్చోలేదు, రికార్డుల దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడు కావలిలో నువ్వు, ఒంగోలులో డిస్టార్షన్ నేర్చుకుంటున్నది కూడా అట్టాగే. అతన్ని బయట పెడితే మిమ్మల్నీ బయట పెట్టాలి. నేను పెట్టను. అయితే విన్నాడని రుజువుండాలి. అతని విషయంలో ఆ శాంపిళ్లే రుజువు. ఊరికే దిగులుగా పాడే ప్రతి రాపర్‌కీ ఎమో అని తగిలించడం స్ట్రీమింగ్ యాప్‌ల సౌకర్యం కోసమే.

---

డిస్టార్షన్ (ఒంగోలు)

ఈ రుజువు షరతు నాకు నచ్చింది. ధ్వని లక్షణాలు కూడా ఒక రుజువే అని చేర్చండి, మన ఇద్దరికీ పేచీ ఉండదు. మై కెమికల్ రొమాన్స్ మొదటి ఆల్బమ్ ఈ రాత్రి మళ్లీ విని చెబుతా, 2006ది మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

---

ఆరో_తీగ (కావలి)

డిస్టార్షన్ అన్నా, ఆ ఎఫ్ ఏ సీ జీ సీ ఈ ట్యూనింగ్ ఎట్టా పెట్టాలి? మామూలు తీగలతో వస్తుందా? తెగుతాయేమోనని భయంగా ఉంది.

---

డిస్టార్షన్ (ఒంగోలు)

వస్తుంది. అన్నిటికంటే లావు తీగ ఈ నుంచి అర స్వరం పైకి, ఎఫ్. ఏ తీగ ముట్టుకోవద్దు. డీ తీగను ఒక స్వరం కిందికి దించితే సీ. జీ అట్లాగే ఉంచు. బీ తీగ అర స్వరం పైకి, మళ్లీ సీ. సన్న ఈ తీగ అట్లాగే. పైకి లాగేది రెండు తీగల్నే, అదీ అర స్వరమే కాబట్టి మంచి తీగలు తట్టుకుంటాయి. తుప్పు పట్టిన పాత తీగలైతే ముందు మార్చు, సముద్రం గాలికి మన దగ్గర తొందరగా పాడవుతాయి. కిందికి దించేది ముందు చేసి, పైకి లాగేవి మెల్లగా లాగు. అన్నీ అయ్యాక మళ్లీ ఒకసారి మొదటి నుంచి చూసుకో, మెడ మీద లాగుడు మారి కొంచెం జారి ఉంటాయి. అప్పుడు ఎక్కడా నొక్కకుండా ఆరు తీగలూ ఒకదాని తర్వాత ఒకటి మీటు.